సంచి పట్టీ తెగేలా ఉంది

ఓర్ఫా టాకెట్ ఎదుటి మనిషి సంచిలోకి చిన్న టార్చి వేసి, చెక్కపుల్లతో పైపైన కదిపి చూసి, "వెళ్లమ్మా" అంది. జిల్లా సంతలో ప్రదర్శనల షెడ్డు గేటు దగ్గర, వాచిన మోకాళ్లను ముందుకు చాపుకుని ఇనుప కుర్చీలో కూర్చుని ఉంది. అరవై నాలుగేళ్ల భారీ మనిషి. కాపలావాళ్ల పసుపు రంగు కోటుకి పొట్ట దగ్గర బొత్తాం పట్టక తెరుచుకునే ఉంది. షెడ్డులోంచి మేకల వాసనా, బయటి నుంచి నూనెలో వేగుతున్న మొక్కజొన్న పిండి వాసనా కలిసి వస్తున్నాయి.

ఆ కొండల్లో చాలామందికి తుపాకీ ఉంటుంది. కనబడకుండా వెంట పెట్టుకు తిరగడానికి లైసెన్సూ ఉంటుంది. లైసెన్సు ఉన్నా సరే, షెడ్డులోకి తేకూడదని గేటు మీద బోర్డు. మరిచిపోయి తెచ్చేవాళ్లు రోజుకి పదిమందైనా తగులుతారు. సంచిలో నల్లటి పిడి కనబడగానే ఓర్ఫా ముందుకి వంగి, పక్కవాడికి వినపడకుండా అనేది:

"సంచి పట్టీ తెగేలా ఉంది నాయనా. కార్లో పెట్టి రా."

వాళ్లకి అర్థమయ్యేది. వెళ్లి, కారులో భద్రం చేసి వచ్చేవాళ్లు.

మొదటి ఏడాది ఆమెకి ఈ నేర్పు లేదు. ముసలి పాస్టరు డెల్మర్ సంచి చూసి, కంగారులో "అయ్యో, తుపాకీ!" అని అరిచింది. వరసంతా తిరిగి చూసింది. తల్లులు పిల్లల్ని దగ్గరికి లాక్కున్నారు. ఆయన లైసెన్సు తియ్యబోయి, ముఖం కందిపోయి, మాట్లాడకుండా వెనుదిరిగాడు. మళ్లీ సంతకి రాలేదు. రెండేళ్లకి ఆయన పోతే ఓర్ఫా చర్చిలో ఆఖరి బెంచీ మీద కూర్చుంది. ముందుకి వెళ్లి ముఖం చూడడానికి కాళ్లు రాలేదు.

అంతకు ముందు ముప్పైయొక్క ఏళ్లు బడి వంటశాలలో వడ్డించిన మనిషి ఆమె. ఉచితంగా తినే పిల్లలకి వేరే రంగు చీటీ ఉండేది. ఆ చీటీని అరచేత్తో కప్పి అందుకునేది, పక్క పిల్లాడి కంట పడకుండా. అలాంటి తను నలుగురిలో ఆ ముసలాయన పరువు తీశానే అని, ఇప్పటికీ గిన్నెలు తోముతూ తోముతూ ఆగిపోతుంది.

ఆ పొద్దున సంత మేనేజరు ప్రెంటిస్ 'తుపాకీ తెచ్చినవాళ్లు' అని పైన రాసి, పేరుకీ అడ్రసుకీ గళ్లు గీసిన కొత్త పుస్తకం ఒకటి తెచ్చి బల్ల మీద తెరిచి పెట్టాడు. పట్నం నుంచి వచ్చిన కుర్రాడు.

"ఇవాళ్టి నుంచి తుపాకీ తెచ్చినవాళ్ల పేరు, ఇంటి అడ్రసు, లైసెన్సు నంబరు ఇందులో రాయించండి ఓర్ఫా గారూ."

"షెరీఫు అడిగాడా బాబూ?"

"లేదు, నేనే అనుకున్నా. రేపేదైనా జరిగితే మన దగ్గర ఆధారం ఉండాలిగా."

"పైన రాసిన పేర్లన్నీ తర్వాత రాసేవాడు చదువుతాడు కదయ్యా."

"ఎవరికంత తీరిక?" అంటూ వెళ్లిపోయాడు.

మధ్యాహ్నానికి నలుగురికి సంచి పట్టీలు తెగేలా కనబడ్డాయి. పుస్తకంలో మాత్రం ఒక్క అక్షరం కూడా పడలేదు.

ఒంటిగంటప్పుడు మారిబెత్ వచ్చింది. బడిలో ఓర్ఫా చేతి అన్నం తిన్న పిల్లే. పక్కన తొమ్మిదేళ్ల కూతురు, దాని చేతిలో బోను, బోనులో తెల్ల కుందేలు. ఓర్ఫా సంచిలో చూసి, వంగి ఎప్పుడూ అనే మాటే అంది. మారిబెత్ కళ్లు పుస్తకం మీద పడ్డాయి.

"ఇందులో రాయాలా పెద్దమ్మా? అడ్రసు కూడానా?" వెనక్కి తిరిగి చూసింది. "నా మొగుడు కర్టిస్ బండి పార్కింగులో చూశాను. మేమెక్కడుంటున్నామో ఆరు నెలల్నుంచి వాడికి తెలీదు."

"మరెందుకొచ్చావే తల్లీ?"

"ఏడాదంతా పెంచింది పెద్దమ్మా, ఈ కుందేల్ని. వద్దనడానికి నోరు రాలేదు."

ఓర్ఫా కుర్చీలోంచి లేచింది. మోకాళ్లు కలుక్కుమన్నాయి. గేటు కాస్త చూడమని తోటి కాపలామనిషి హేజెల్‌కి చెప్పి, తల్లీకూతుళ్లతో పార్కింగుకి నడిచింది. మారిబెత్ తన చెల్లెలి కారులో వచ్చింది, కాబట్టి దాన్ని కర్టిస్ గుర్తుపట్టలేడు. తుపాకీ కారు డిక్కీలో పెట్టి తాళం వేశాక, పశువుల్ని తోలే వెనక తలుపు నుంచి వాళ్లని లోపలికి పంపి తిరిగొచ్చింది.

గేటు దగ్గర కర్టిస్ నిలబడి ఉన్నాడు. పుస్తకం అతని చేతిలో ఉంది. హేజెల్ లాక్కోబోతోంది. ప్రెంటిస్ పక్కనే నిలబడి ఏం చెయ్యాలో తోచక చూస్తున్నాడు.

"మా ఆవిడ తుపాకీ లేకుండా గడప దాటదు. వస్తే ఇందులో రాసే ఉంటుంది," అంటూ కర్టిస్ ఒక్కొక్క కాగితమే తిప్పాడు. గళ్లన్నీ ఖాళీగానే ఉన్నాయి. "ఏంటిది? ఎవరూ రాలేదా?"

"ఈ ఊళ్లో అందరికీ బోర్డు చదవడం వచ్చు," అంది ఓర్ఫా, కుర్చీలో కూలబడుతూ. "అబ్బాయ్, పుస్తకం అక్కడ పెట్టు. వరస ఆగిపోయింది."

అతను పుస్తకం బల్ల మీదికి విసిరి, తిట్టుకుంటూ వెళ్లిపోయాడు. అతని ఎర్ర బండి వంతెన దాటి కొండ మలుపు తిరిగేదాకా ఓర్ఫా చూస్తూనే ఉంది. అప్పుడు గుండెల నిండా ఊపిరి తీసుకుంది.

ప్రెంటిస్ ముఖం పాలిపోయింది. "పొద్దున్నుంచి ఒక్క పేరూ రాయలేదా మీరు?"

"లేదు బాబూ. కోప్పడతావా?"

అతను పుస్తకం మూసి చంకలో పెట్టుకున్నాడు. రెండడుగులు వేసి ఆగి, "బోర్డు చాల్లెండి," అన్నాడు.

నాలుగింటికి కుందేలుకి మూడో బహుమతి వచ్చింది. వెనక తలుపు నుంచి బయటికొచ్చి గేటు ముందుగా వెళుతూ ఆ పిల్ల బహుమతి పసుపు రిబ్బను పైకెత్తి చూపింది. మారిబెత్ ఓర్ఫా వంక చూసి తలూపింది, అంతే. చాలా రోజులకి తిన్నగా నిలబడ్డ మనిషిలా ఉంది. ఓర్ఫాకి నవ్వొచ్చింది. చూపు మసకేస్తే ముంజేత్తో కళ్లు తుడుచుకుంది.

ఆరింటికి కోటు విప్పి హేజెల్‌కి ఇచ్చింది. "వచ్చే ఏడు నేను రానే. ఈ మోకాళ్లు ఇంక నా మాట వినడం లేదు."

"ప్రతి ఏడూ ఇదే అంటావుగా!"

"ఈసారి నిజం."

బరువుగా, కానీ తొందర లేకుండా కారు దాకా నడిచింది. అద్దాలు దించి, చల్లగాలి ముఖానికి కొడుతుంటే వెళ్లిపోయింది.

హేజెల్ కుర్చీ మడవబోతే ఇనుప చేతికి దారంతో వేలాడుతూ ఓర్ఫా విసురుకునే అట్ట విసనకర్ర కనబడింది. అంచులకి నాలుగైదుసార్లు టేపు అంటించి ఉంది, పిడి అరచేతి చెమటకి నల్లబడి నున్నగా ఉంది. కొండ మీంచి దిగిన సాయంత్రపు గాలికి అది మెల్లగా అటూ ఇటూ ఊగుతోంది.