పోస్టర్ మీద లేని పేరు

దక్షిణ కొరియాలోని నామ్‌వన్‌లో నో హ్యాంగిమ్ అంటే తెలియనివాళ్ళు తక్కువ. ఆమె పాన్సోరి గాయని. చేతిలో విసనకర్ర పట్టుకుని ఒక్కతే నిలబడి మూడేసి గంటల కథను గొంతుతో నడిపిస్తుంది. పక్కన చాప మీద కూర్చుని డోలు వాయించే మనిషి ఆమె భర్త, మా దొక్‌గ్యు. 'మా' అతని ఇంటిపేరు. పాట మధ్యలో "ఒల్సూ" అని హుషారిస్తూ ఆమెను ముందుకు తోయడం కూడా అతని పనే. ముప్పై ఒక్కేళ్ళుగా ఇద్దరిదీ ఇదే బతుకు.

2020 వసంతంలో కరోనా వచ్చి అన్నీ ఆపేసింది. మే నెల ఉత్సవం లేదు. షష్టిపూర్తి విందులు లేవు. పాట నేర్చుకోవడానికి వచ్చే ఆడవాళ్ళు కూడా రావడం మానేశారు. పని పోయిన కళాకారులకు సాయం చేస్తామని ప్రభుత్వం ప్రకటించింది. అయితే కళాకారులమని ధ్రువపత్రం చూపించాలి. అది లేనివాళ్ళు తాము పాల్గొన్న ప్రదర్శనల ఆధారాలు పెట్టి తెచ్చుకోవచ్చు.

హ్యాంగిమ్‌కు ఆ పత్రం ఎప్పటినుంచో ఉంది. దొక్‌గ్యుకు అంతవరకూ దాని అవసరం పడలేదు. అతను అలమర మీది పెట్టె దించి, పోస్టర్లూ ఫొటోలూ సంచీలో వేసుకుని సాంస్కృతిక కేంద్రానికి వెళ్ళాడు. అక్కడ దరఖాస్తులు చూసే ప్యో ఉన్‌బి వాటిని ఒక్కొక్కటే తిరగేసింది.

"మాస్టారూ, వీటిలో మీ పేరెక్కడుందండీ?" అని అడిగింది.

అతను కళ్ళద్దాలు సర్దుకుని చూశాడు. ప్రతి పోస్టర్ మీదా 'నో హ్యాంగిమ్ పాన్సోరి' అనే ఉంది. ఫొటోల నిండా హ్యాంగిమ్ విసనకర్రే. ఒకదాంట్లో ఓ మూల అతని మోచెయ్యి పడింది. ఇంకోదాంట్లో డోలు, రెండు మోకాళ్ళు.

"ఈ మోకాళ్ళు నావేనమ్మా."

"నాకు తెలుసండీ మాస్టారూ. చిన్నప్పటినుంచీ మీ డోలు వింటున్నదాన్నే. కానీ కాగితం మీద పేరుండాలి కదండీ," అని ఆ అమ్మాయి నొచ్చుకుంటూ చెప్పింది.

ఇంటికి వచ్చి ఈ సంగతి భార్యకు చెప్పినప్పుడు ఆమె విసనకర్ర మడతలు ఒక్కొక్కటే సర్దింది. ఆ తర్వాత, పోనీ లెండి, ఇద్దరికీ కలిపి నాకు వస్తుంది కదా అంది. ఆ మాట అతనికి ముల్లులా దిగింది.

పది రోజుల్లో ఆమెకు సాయం మంజూరైంది. ఆమె సంబరంగా గొడ్డుమాంసం తెచ్చి వండింది. అతను రెండు ముక్కలు తిని, ఉప్పెక్కువైందని లేచిపోయాడు. అంతకుముందు ఎన్నడూ పట్టించుకోని విషయాలు కంట్లో పడటం మొదలుపెట్టాయి. ఉత్తరాలు ఆమె పేరుకే వస్తాయి. ఫోన్ చేసినవాళ్ళు ఆమెనే అడుగుతారు. చేపలు అమ్మే అతను కూడా "గాయనిగారి ఆయన" అంటాడు తప్ప పేరు పెట్టి పిలవడు. పొద్దున్నే ఆమె సాధనకు కూర్చుంటే, చెయ్యి నొప్పిగా ఉందని దొక్‌గ్యు డోలు ముట్టలేదు. ఆమె తొడ మీద తాళం వేసుకుంటూ పాడుకుంది. పక్క గదిలో అది వింటూ, లయ తప్పుతుందేమోనని ఎదురుచూశాడు.

సాయంలో భాగంగా ఆమె ప్రేక్షకులు లేని హాల్లో పాడాలి. అది ఇంటర్నెట్‌లో ప్రసారమవుతుంది. డోలు వాయించే వ్యక్తికి కూడా ధ్రువపత్రం ఉండాలన్నారు. దాంతో పాంగ్ ఇన్‌సబ్‌ను పిలవాల్సి వచ్చింది. ఇన్‌సబ్, దొక్‌గ్యు ఒకే గురువు దగ్గర నేర్చుకున్నారు. దొక్‌గ్యు చేతిలో ఉన్న మెత్తదనం ఇన్‌సబ్‌కు ఎన్నడూ పట్టుబడలేదు. కానీ అతను కాలేజీలో పాఠాలు చెబుతాడు, వెళ్ళిన ప్రతిచోటా పేరు అచ్చు వేయించుకుంటాడు. పైగా హ్యాంగిమ్ పెళ్ళికి ముందు ఇన్‌సబ్ ఇంటినుంచి కూడా ఒకసారి సంబంధం కబురు వచ్చింది.

సాధన కోసం ఇన్‌సబ్ మూడుసార్లు ఇంటికి వచ్చాడు. దొక్‌గ్యు కూర్చునే దిండు మీదే కూర్చున్నాడు. వంటింట్లో ముల్లంగి తరుగుతున్న దొక్‌గ్యుకు హ్యాంగిమ్ నవ్వు వినిపించింది. ఆమె అలా నవ్వి ఎన్నాళ్ళయిందో గుర్తు చేసుకోబోయి, గుర్తు రాక, ముల్లంగినంతా ముక్కముక్కలు చేసేశాడు. వెళ్ళేటప్పుడు ఇన్‌సబ్ వంటింట్లోకి తొంగిచూసి, "అన్నా, నీ దిండు భలే మెత్తగా ఉందే," అన్నాడు. దొక్‌గ్యు కత్తి కింద పెట్టకుండానే తలూపాడు.

ప్రసారం రోజు అతను ఇంట్లో ఒక్కడే ఫోన్ ముందు కూర్చున్నాడు. తెర మీద ఇద్దరి పేర్లూ పడ్డాయి. ఖాళీ హాల్లో ఇన్‌సబ్ హుషారింపులు తప్ప మరో గొంతు లేదు. కథలో ప్రేమికుల వీడ్కోలు ఘట్టం వచ్చింది. నాలుగేళ్ళ కిందట ఊపిరితిత్తుల జబ్బు చేసినప్పటినుంచి హ్యాంగిమ్‌కు అక్కడ తాళంలో ఓ అర మాత్ర వ్యవధి అదనంగా కావాలి. దొక్‌గ్యు దెబ్బను కాస్త ఆలస్యం చేసి, ఒక "ఒల్సూ" విసిరి, ఆమె గాలి పీల్చుకునేది ఎవరికీ తెలియకుండా కాచేవాడు. ఆ సంగతి ఇద్దరూ ఎన్నడూ నోటితో అనుకోలేదు. ఇన్‌సబ్ సరిగ్గా తాళానికే కొట్టాడు. ఆమె గొంతు విరిగింది.

"అదీ!" అన్నాడు దొక్‌గ్యు.

అప్పుడు తెర మీద ఆమె కళ్ళు కుడివైపుకు తిరిగాయి. అతను ఎప్పుడూ కూర్చునే వైపు. ఇన్‌సబ్ ఎడమవైపు కూర్చుని ఉన్నాడు. దొక్‌గ్యు ముఖం మీద చెయ్యి వేసుకున్నాడు. సిగ్గేసింది. అయినా లోపల ఆ సంతోషం పూర్తిగా పోలేదు.

సాయంత్రం ఆమె ఇంటికి వచ్చి మాస్కు తీసి కొక్కేనికి తగిలించింది.

"చూశారా?"

"చూశాను."

"విరిగింది."

"అవును. నాకు సంతోషమేసింది," అన్నాడతను.

ఆమెకు కోపం రాలేదు. నేల మీద కూర్చుని మేజోళ్ళు విప్పుతూ అంది: "నేనూ ఒకటి చెప్తాను. వినండి. నా మొదటి కచేరీకి పోస్టర్ అచ్చు వేసేవాడు డోలు ఎవరిదమ్మా, పేరు వేద్దామా అని అడిగాడు. అంతకు వారం ముందు ఒక షష్టిపూర్తి విందులో మనిద్దరం కచేరీ చేస్తే, పెద్దవాళ్ళంతా మీ చుట్టూ చేరి మీ చేతిని మెచ్చుకున్నారు. నన్నొక్కరూ పలకరించలేదు. అందుకని చోటు చాలదులే, అక్కర్లేదు అన్నాను. చోటుంది. అతనికి తెలుసు చోటుందని. తర్వాత వాళ్ళు అడగడమే మానేశారు."

"ముప్పై ఏళ్ళూనా?"

"మొదట్లో కావాలనే. తర్వాత అలవాటైపోయింది. కావాలని చేసినదానికన్నా ఈ అలవాటే ఎక్కువ తప్పనిపిస్తోంది ఇప్పుడు."

దొక్‌గ్యు తిండి తినకుండా యోచన్ వాగు గట్టు మీదికి వెళ్ళిపోయాడు. తనొక్కడే కుళ్ళుకుంటున్నానని ఇన్నాళ్ళూ సిగ్గుపడ్డాడు. తనకన్నా ముందే, తనకు తెలియకుండానే, ఆమె ఆ పని మొదలుపెట్టిందన్నమాట. కోపం వచ్చింది. దాని అడుగున ఎక్కడో చిన్న గర్వం కూడా కదిలింది. ఆవిడకే నన్ను చూస్తే కడుపు మండిందా అనుకున్నాడు.

మూడు వారాలు ఇద్దరి మధ్యా అవసరమైన మాటలు తప్ప మరేం లేవు. ఆ రోజుల్లో హ్యాంగిమ్ పొద్దున్నే బస్సెక్కి ఎక్కడికో వెళ్ళి సాయంత్రానికి వచ్చేది. అడగడానికి అతనికి మనసు రాలేదు. మళ్ళీ ఇన్‌సబ్ దగ్గరికేనేమో అన్న అనుమానం మాత్రం రోజూ తొలిచేది. చివరికి ఉన్‌బి ఫోన్ చేసినప్పుడు తెలిసింది. ఆమె ఊరూరూ తిరిగి, కచేరీలు పెట్టించినవాళ్ళను కలిసి, ఫలానా రోజున డోలు వాయించింది మా దొక్‌గ్యు అని సంతకాలు పెట్టించుకుంది. అందరి దగ్గరా కాగితాలు తీసుకుని కేంద్రంలో ఇచ్చింది. పైన తన చేత్తో ఒక ఉత్తరం రాసి పెట్టింది. కేంద్రానికి వెళ్ళి దొక్‌గ్యు అది చదివాడు. 'అచ్చులో ఆయన పేరు లేకపోవడానికి కారణం నేను. నేనే వద్దన్నాను' అని ఉంది.

మర్నాడు పొద్దున సాధన వేళకు అతను డోలు తెచ్చుకుని తన దిండు మీద కూర్చున్నాడు. ఆమె విసనకర్ర విప్పింది. వీడ్కోలు ఘట్టం దగ్గర అతని దెబ్బ ఆలస్యంగానే పడింది.

చలికాలంలో ధ్రువపత్రం వచ్చింది. తర్వాతి విడత సాయం అతనికీ అందింది. పత్రం ఉందని తెలిసి, జంజూ నుంచి ఒక్ సెర్యంగ్ అనే గాయని ఫోన్ చేసింది. ముప్పై నాలుగేళ్ళ మనిషి, మంచి పేరు తెచ్చుకుంటోంది. తన ప్రసారానికి డోలు వాయించమంది. అతను రెండు రోజులు వెళ్ళి వచ్చాడు. చేతిలో చుట్టిన పోస్టర్ ఉంది. దాని మీద రెండు పేర్లూ ఒకే సైజులో ఉన్నాయి.

హ్యాంగిమ్ బురదచేపల పులుసు వేడిగా వడ్డించింది. అతను సగం తినేవరకూ ఆగింది.

"ఆ పిల్ల ఎలా పాడుతుంది?"

"బాగా పాడుతుంది."

"బాగా అంటే?"

"బాగానే, హ్యాంగిమ్."

"మళ్ళీ పిలుస్తుందా?"

"పిలిచింది. వచ్చే నెల."

"వెళ్ళండి," అందామె. గరిటెను పులుసులో ఊరికే తిప్పుతూ ఉండిపోయింది. ఆ గొంతులో ఉన్నదేమిటో దొక్‌గ్యుకు బాగా తెలుసు. కిందటేడంతా అతను దానితోనే కాపురం చేశాడు. ఓదార్చవచ్చు, ఆమెలా ఎవరూ పాడలేరని చెప్పవచ్చు. నిజం కూడా అదే. కానీ ఆ మాట నాలుక చివరిదాకా వచ్చి ఆగిపోయింది. అతను ఇంకొంచెం పులుసు పోయమని గిన్నె చాచాడు.