రెండు మేకుల పెట్టె

మరియదాసుకి మొదట కోపం వచ్చింది షాహిస్తా టీచరు మీదే.

ఊరి హైస్కూల్లో ఆవిడ ఓ కొత్త పద్ధతి పెట్టింది. సైన్సు ఓ పీరియడు, లెక్కలు ఓ పీరియడు అని విడదీయకుండా పిల్లలందరికీ కలిపి ఒకటే పని అప్పగించింది. మిరపకాయ బస్తాలో బూజు ఎందుకు పడుతుందో కనుక్కోవాలి, దాన్ని పట్టే సాధనం వాళ్లే చెయ్యాలి. స్టెమ్ అంటారట దాన్ని. పిల్లలు కాయలు ఎండబెట్టి తూచారు, గ్రాఫులు గీశారు, వైర్లు అతికారు. చివరికి మరియదాసు మనవరాలు జాస్మిన్ ఓ చెక్కపెట్టె చేసింది. దానికి రెండు మేకులు. కాయల్లో గుచ్చితే, తడి ఎక్కువుంటే గంట మోగుతుంది.

మోగింది. మరియదాసు నీళ్లు కొట్టిన కల్లంలోనే మోగింది.

ఎండిన కాయ తొక్కితే నుగ్గయిపోతుందని, బస్తాలకెత్తే ముందు నీళ్లు చల్లడం అందరూ చేసేదే. కల్లం ఆసామి ఇంకాస్త కొట్టమంటాడు, తూకం వస్తుందని. మరియదాసు కొడతాడు. ఇప్పుడు సొంత మనవరాలే మేకులు గుచ్చి, "నీ నీళ్లే తాతా" అని నవ్వింది. కూలీలందరి ముందు తల తీసేసినట్టయింది. చదువు చెప్పమంటే ఇంట్లోవాళ్లని పట్టించడం నేర్పుతోందా అని టీచరుని తిట్టుకున్నాడు.

ఆ ఆసామే స్కూలు కమిటీ చైర్మను. వారం తిరక్కుండా పెట్టెని స్టోరు గదిలో పడేసి తాళం వేశారు. దర్శిలో జరిగే సైన్సు ప్రదర్శనకి బ్రాడీపేట షాపులో కొన్న రోబో కారు వెళ్తుందన్నారు. జాస్మిన్ దాని పక్కన నిలబడి, రాసిచ్చింది అప్పజెప్పాలట. పిల్ల ఆ పూట అన్నం ముట్టలేదు.

అప్పుడు మరియదాసు కోపం స్కూలు పెద్దల మీదికి తిరిగింది. తిన్నగా స్కూలుకి పోయాడు. హెడ్మాస్టరు కూర్చోమనలేదు. కారు ఎంత బాగా తిరుగుతుందో చూడమన్నాడు.

"ఎవరు చేశారండీ?"

"చెయ్యడమేంటి? కొన్నాం."

"మరి పిల్లలేం చేశారు?"

"పక్కన నిలబడి చెప్తారుగా."

"నీళ్లు కొట్టింది నేను సారూ. మోగితే సిగ్గు నాది. నాకు లేని నొప్పి మీకెందుకు?"

హెడ్మాస్టరు స్టోరు గది తాళంచెవి ఇవ్వలేదు. వరండాలో షాహిస్తా టీచరు తల దించుకుని ఉంది. నోరు మెదిపితే బదిలీ అన్నారట.

ఇంటికొచ్చేసరికి జాస్మిన్ పాత రేడియో విప్పి, గడప మీద కూర్చుని ఇంకో పెట్టెకి మేకులు కొడుతోంది. మొదటిది తప్పులు చేసీ చేసీ చేశామనీ, ఇప్పుడు అంతా తెలుసనీ చెప్పింది. మరియదాసు పక్కనే వైరు పట్టుకుని కూర్చున్నాడు.

ప్రదర్శన రోజు ఇద్దరూ దర్శి బస్సెక్కారు. పెట్టె పిల్ల ఒళ్లో. మరియదాసు సంచిలో తను తడిపిన కాయలు. గేటు దగ్గర హెడ్మాస్టరు అడ్డొచ్చి ఆ పెట్టె లోపలికి రాదన్నాడు. కారు దగ్గరికి రమ్మని జాస్మిన్ చెయ్యి పట్టుకోబోయాడు. పిల్ల చెయ్యి వెనక్కి లాక్కుంది.

మరియదాసు గేటుకెదురుగా కండువా పరిచి కాయలు కుప్ప పోశాడు.

"గుచ్చవే."

గంట మోగింది. లోపలికి పోయే జనం ఆగారు. ఈ కాయలు ఎవరివని ఒకాయన అడిగాడు.

"ఎవరివైతేనేం? నీళ్లు కొట్టింది నేను," అన్నాడు మరియదాసు. "ఎంత కొడితే పాడవుద్దో ఈ పిల్ల చెప్పుద్ది. వినండి."

హెడ్మాస్టరు ఆపమన్నాడు. జాస్మిన్ మేకులు తియ్యలేదు.