స్వర్ణలత కట్టిన ముడి

నలభై ఆరేళ్లొచ్చిన మనిషికి పరుగు పందెం ఎందుకు? ఆ మాట నన్ను నేను ముందే అడుగుకోవలసింది.

నేసిన చీరలు ఇచ్చిరావడానికి యాదగిరిగుట్టకు పోతే, అక్కడుండే మా అక్క మొగుడు దశరథం నన్ను పొద్దున్నే స్కూలు గ్రౌండుకు తీసుకుపోయాడు. "మగ్గం గుంటల కూసునేటోనికి కాళ్లుంటయా బామ్మర్దీ?" అన్నాడు, తనతో రోజూ నడిచే నలుగురి ముందు. నాకసలే ముక్కు మీద కోపం. లుంగీ ఎగగట్టి బావతో పందెం ఉరికాను. సగం దూరంలో ఎడమ తొడ వెనక ఏదో చటుక్కుమంది. నేల మీద పడ్డాను. ఆ నలుగురూ నవ్వారు, బావ ఇంకొంచెం ఎక్కువ నవ్వాడు. ఈ సంగతి మా ఊళ్లో ఎవరికీ చెప్పనని ఆయనతో ఒట్టు వేయించుకుని బస్సెక్కాను.

ఇంట్లో కుంటు కనబడనీయలేదు. మర్నాడు మగ్గం ఎక్కాను. మాది గుంట మగ్గం. గుంట అంచున కూర్చుని, కిందున్న పలకలను కాళ్లతో తొక్కాలి. సరిగ్గా దెబ్బ తగిలిన చోటే అంచు ఒత్తుకుంది. రెండుసార్లు తొక్కేసరికి అరిచేశాను. నా భార్య స్వర్ణలత వంటింట్లోంచి పరుగెత్తుకొస్తున్న చప్పుడు వినబడింది. ఆ కొద్ది క్షణాల్లో నేను చేసిన పని చెప్పడానికి ఇప్పటికీ నోరు రాదు. వంగి, పలకకు కట్టిన తాడు ముడిని నా చేత్తో నేనే విప్పేశాను.

"ముడి ఊడింది. కాలు జారింది" అన్నాను.

ఆ ముడి కట్టింది స్వర్ణ. మా వీధిలో ఎవరు కొత్త మగ్గం పెట్టుకున్నా పలకలకు మొదటి ముడి ఆమే కట్టాలి. ఆమె చేతి ముడి ఊడదని పేరు.

"ఈ ఇంటికొచ్చి ఇరవై ఏండ్లాయె, ముడేసుడు రాదా నీకు? నా కొడుకు కాలిరిగితే ఏం గావాలె?" అని మా అమ్మ సుభద్రమ్మ వీధికి వినబడేలా తిట్టింది. స్వర్ణ ఊడిన తాడు పట్టుకుని నిలబడిపోయింది. నేను తొడ పట్టుకుని మూలుగుతూ కూర్చున్నాను, పెద్దమనిషిలా.

అమ్మ వేడి నూనె పోసి గట్టిగా రుద్దింది. మూడోనాటికి తొడ వెనక నల్లగా కమిలిపోయింది. స్వర్ణే నన్ను దవాఖానకు తీసుకుపోయింది. అక్కడ కాళ్లూ చేతులూ పట్టేసినవాళ్లకు వ్యాయామాలు చేయించే మెర్సీ, నా కాలు అటూ ఇటూ వంచి చూసింది.

"కండల కొన్ని పోగులు తెగినయన్నా, అన్ని కాదు. కొత్తల నూనె రుద్దొద్దు, ఐసు పెట్టాలె. మూడు వారాలు మగ్గమెక్కకు. నొప్పి తగ్గినంక మెల్లమెల్లగ కాలు సాగదియ్యాలె. తొందరపడితే అతికినకాడనే మళ్ల తెగుతది."

పోగులనేసరికి నాకు బాగా అర్థమైంది. తెగిన పోగును అతికిన వెంటనే ఎవరూ గుంజరు.

"గని పలక తొక్కితే గింత కాదు. ఉరికినవా?" అని అడిగింది. స్వర్ణ పక్కనే ఉంది.

"లేదు" అన్నాను.

ఆ మూడు వారాలూ నా మగ్గం మీద స్వర్ణ నేసింది. పొద్దున్నే గుంటలోకి దిగి ఒక్కో ముడినీ మూడేసిసార్లు గుంజి చూసేది. నేను మంచం మీద కాలు చాపుకుని చూసేవాణ్ణి. నొప్పి రోజురోజుకూ తగ్గుతోంది, ఆమె మొహంలోకి చూడటం మాత్రం కష్టమవుతోంది. నిజం ఎన్నిసార్లు నోటిదాకా వచ్చిందో, అన్నిసార్లూ మింగేశాను.

ఇంతలో ఎదురింటి మల్లిక కొత్త మగ్గం పెట్టుకుంది. ముడి కట్టడానికి పక్క వీధి నుంచి ఎవరినో పిలిచింది. స్వర్ణను ఊరికే చూడటానికి రమ్మంది.

"పోవా?" అన్నాను.

"ఎట్ల పోవాలె? నా చెయ్యి మీద నాకే నమ్మకం లేకపాయె. ఇగ ఆళ్లనేమనాలె?" అంది.

నా మీద నాకే అసహ్యం వేసింది. లేచి, కాలీడ్చుకుంటూ వీధి దాటాను. "ఏడికి?" అంటూ స్వర్ణ వెనకే వచ్చింది. మల్లిక ఇంట్లో పదిమంది ఆడవాళ్లున్నారు. మా అమ్మ కూడా ఉంది.

"స్వర్ణ ముడి ఊడలే. నేనే ఇప్పిన. యాదగిరిగుట్టల పందెం ఉరికి పడ్డ. చెప్పుకోను సిగ్గయి, తప్పు ఆమె మీదికి తోసిన."

ఎవరూ నవ్వలేదు. నవ్వినా బాగుండేది. అమ్మ తల దించుకుంది. ముడి కట్టడానికి వచ్చినామె లేచి, తన చేతిలోని తాడు తెచ్చి స్వర్ణ చేతిలో పెట్టింది.

స్వర్ణ నావైపు చూడలేదు. గుంటలోకి దిగి ముడి కట్టింది. ఒక్కసారే గుంజి చూసింది. పైకొచ్చాక అంది:

"నువ్వు గూడ గుంజు. అందరు చూడాలె."

గుంట అంచున కూర్చుంటే తొడ ఒత్తుకుంటుంది. మోకాళ్ల మీద వంగి, అంతమంది ముందు తాడు పట్టుకుని గుంజాను. ముడి కదలలేదు.

"ఇంక గట్టిగ" అంది స్వర్ణ.