హెబ్రోను ఊపిరి

గూడూరు ఉజ్జీవ సభల్లో ఈసారి మా ఎనిమిది మందినీ స్టేజీ ఎక్కనివ్వలేదు. "మీరు వాయించే పన్లేదు, కింద కూర్చోండి" అన్నాడు ఈసారి సభలకు సంగీతం ఒప్పుకున్న స్టూడియో యజమాని ఆనందబాబు. ఇరవై ఏళ్లుగా ఆ సభల్లో వయొలిన్లు మావే. పెట్టెలు ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాం.

స్పీకర్లలోంచి ముందుగా ఎవరో ఊపిరి లాగిన చప్పుడు వచ్చింది. వెంటనే మా ఏడుగురి కుడిచేతులూ గాల్లోకి లేచాయి. మా జట్టుకు ఎదురుగా నిలబడి చేతులూపేవాడెవడూ లేడు. మా పెద్ద హెబ్రోను ముక్కుతో బుస్సుమని ఊపిరి లాగితే అందరం ఒక్కసారే తీగల మీద కమాను వేస్తాం. ఇప్పుడు హెబ్రోను మా పక్కనే నోరు తెరుచుకుని కూర్చున్నాడు. ఆయన ఊపిరి స్పీకర్లలో ఉంది, దాని వెనకే మా వయొలిన్లూ మోగాయి.

మూడు నెలల కిందట ఆనందబాబు మమ్మల్ని నెల్లూరు స్టూడియోలో వారం రోజులు కూర్చోబెట్టాడు. పాట లేదు. ఒక్కో స్వరం మెల్లగా, గట్టిగా, తుంచి, సాగదీసి, పదేసిసార్లు. ఎందుకని అడిగితే మైకు టెస్టన్నాడు. బుద్ధి గడ్డితిని, ఇచ్చిన కాగితాలు చదవకుండానే సంతకాలు పెట్టాం.

నిమ్మకాయల మార్కెట్టు వెనక షెడ్డులో మీటింగు పెట్టుకున్నాం. ఎవరి మొహం చూసినా అనుమానమే. అంతలో ఫ్రెడ్డీ వచ్చాడు. ఒకప్పుడు మాతో వాయించినవాడే, ఇప్పుడు ఆ స్టూడియోలో కంప్యూటరు పని.

రెజీనా లేచింది. "వీడే మనల్ని అమ్మేసినాడు!"

"కోసి అతికించింది నేనే అక్కా. ఒకే ముక్క మళ్లీమళ్లీ వస్తే మిషనని తెలిసిపోద్ది. అందుకే అన్నిసార్లు వాయించినారు మీరు. కమాను గీకుడు, కుర్చీ కిర్రు గూడా ఉంచమన్నాడు ఆనందబాబు. అన్న ఊపిరి తీసేస్తే నన్ను తిట్టి మళ్లీ పెట్టించినాడు. అది ఉంటేనే మనుషులు వాయించినట్టుంటాదంట."

"ఇప్పుడెందుకొచ్చినావు? వాడు పంపినాడా?"

"పైస్థాయి స్వరాలు ఇంకా తియ్యాల. రేపు మిమ్మల్ని పిలస్తాడు. రావద్దని చెప్పేదానికొచ్చినా."

సగమే నమ్మాం.

"పోదాం" అన్నాడు హెబ్రోను. "నాకు మిషన్ మీద కోపం లేదు. దాని యెనక కూచోనున్నోడి మీదే."

మర్నాడు స్టూడియోలో ఎనిమిది మైకులు సిద్ధంగా ఉన్నాయి. ఎవరమూ పెట్టె తెరవలేదు.

"తీసిందంతా చెరిపెయ్. మా సభలు మాకొదులు. ఇంకొక్క స్వరం గూడా ఇయ్యం" అన్నాడు హెబ్రోను.

"సంతకాలు పెట్టినారు గదయ్యా" అని నవ్వి ఆనందబాబు ఫోనందుకున్నాడు. పోలీసులొచ్చి, మైకులు పగలగొట్టబోయాడని హెబ్రోనును జీపెక్కించారు. మైకుల్ని మేము ముట్టుకోనైనా లేదు.

స్టేషను ముందు రోడ్డు మీదే కూర్చున్నాం. పెట్టెలు తెరిచాం, వయొలిన్లు భుజాలకెత్తాం. కమానులు కదల్లేదు. ఊపిరి లాగే మనిషి లోపల ఉన్నాడు.

ఆనందబాబు కారు అద్దం దించాడు. "ఊపిరి నా దగ్గరుంది. కావాలంటే స్పీకరు పెట్టిస్తా."

అప్పుడే ఫ్రెడ్డీ పాత వయొలిన్ పట్టుకుని వచ్చాడు. ఎవరూ చోటివ్వలేదు. చివరికి రెజీనా కాస్త పక్కకు జరిగింది. వాడు కూర్చున్నాడు.

రెజీనా మా అందరి వంకా ఒకసారి చూసి, ముక్కుతో బుస్సుమని ఊపిరి లాగింది. ఎనిమిది కమానులూ ఒక్కసారే పడ్డాయి.

"ఇంకా గట్టిగా వాయించండబ్బా!" లోపల్నుంచి హెబ్రోను అరిచాడు.

సాయంత్రానికి తడ నుంచి బ్యాండు మేళం వాళ్లు పదిమంది బూరలతో దిగారు. వాళ్లకీ మైకు టెస్టు జరిగిందట. రెజీనా వాళ్లకు చోటు చూపించి, మళ్లీ ఊపిరి లాగింది.