అరవై ఒకటో పేజీలో మరిగిన సరస్సు

ఉప్సలా విశ్వవిద్యాలయంలో కెల్విన్‌కి డిగ్రీ గుర్తు తగిలించిన వాళ్ళెవరూ నా చేతిలోంచి క్షేమంగా బయటపడలేదు. ముప్పై ఏళ్ళుగా భూవిజ్ఞాన శాఖలో థీసిస్‌లు దిద్దుతున్నాను. సెల్సియస్‌కి డిగ్రీ గుర్తు ఉంటుంది, కెల్విన్‌కి ఉండదు, అంకెకీ గుర్తుకీ మధ్య ఖాళీ వదలాలి. ఈ మూడు ముక్కలు బుర్రకెక్కని వాళ్ళకి డాక్టరేట్ ఎందుకని మొహం మీదే అడిగేదాన్ని.

అల్వా బంగారం లాంటి పిల్ల. ఆరు చలికాలాలు గడ్డకట్టిన సరస్సుకు చిల్లులు పొడిచి, అడుగు నీళ్ళ వేడి కొలిచి, నలభై ఏళ్ళ కిందటి లెక్కలతో పోల్చింది. కానీ ఆమె థీసిస్‌లో సగం కొలతలు సెల్సియస్‌లో, సగం కెల్విన్‌లో ఉన్నాయి. అచ్చుకు పంపే రోజు అది చూసి నాకు ఒళ్ళు మండింది. "నువ్వు ఇంటికెళ్ళు, నేను చూసుకుంటా" అని ఆమెను పంపేసి, కంప్యూటర్‌కి ఒకే ఆజ్ఞ ఇచ్చాను. సెల్సియస్ కనబడిన ప్రతిచోటా 273.15 కలిపి కెల్విన్ చెయ్యమని.

థీసిస్ మీద అందరి ముందు జరిగే పరీక్షకు మూడు వారాల ముందు థీసిస్‌ని శాఖ గోడ మీది చెక్కకు మేకు కొట్టి వేలాడదీయడం మా ఆనవాయితీ. శుక్రవారం అల్వా సుత్తి పట్టుకుని మేకు కొట్టింది. అందరం కాఫీ, యాలకుల బన్నులు అందుకున్నాం. బాయిలర్లు చూసుకునే రుట్గర్ నోట్లో బన్నుతోనే పుస్తకం తిరగేస్తూ అరవై ఒకటో పేజీ దగ్గర ఆగాడు.

"ఇదేంటి అల్వా? నలభై ఏళ్ళలో అడుగు నీళ్ళు 274.55 కెల్విన్ వేడెక్కాయా? ఇంక గాలం దేనికి, గరిటె పట్టుకెళ్తే చాలు! చేపలు ఉడికే ఉంటాయి."

అందరూ పగలబడి నవ్వారు. నేను కప్పు కింద పెట్టి ఆ పేజీ చూశాను. నీళ్ళు నాలుగు డిగ్రీల సెల్సియస్‌లో ఉంటే 273.15 కలిపి 277.15 కెల్విన్ అనడం సరైనదే. పెరుగుదలకు మాత్రం ఏమీ కలపకూడదు. ఒక డిగ్రీ సెల్సియస్ పెరిగితే ఒక కెల్విన్ పెరిగినట్టే. అల్వా రాసిన 1.4 అలాగే 1.4గా ఉండాలి. ఇది నాకు తెలియదా? చిన్నపిల్లలకైనా చెప్పగలను. ఆ రోజు తలపొగరుతో ఆలోచించలేదు, అంతే. పందొమ్మిది చోట్ల అదే తప్పు.

వరండాలో అల్వా నా మోచెయ్యి పట్టుకుంది. "గున్వోర్, ఎవరికీ చెప్పకు. పుస్తకం మీద పేరు నాది, తప్పూ నాదే. సవరణ చీటీ అంటిస్తా."

"నీకు పిచ్చా? ప్రశ్నలడగడానికి బెర్గెన్ నుంచి వచ్చేది హల్వార్! నిన్ను పీక్కుతింటాడు."

"తింటే తిననీ. నిజం తెలిస్తే ఇక్కడంతా నిన్ను ఏడిపించుకు తింటారు."

సిగ్గు విడిచి చెబుతున్నాను, నేను ఊరుకున్నాను. మూడు వారాలూ ఊరుకున్నాను.

పరీక్ష రోజు హాలు నిండింది. హల్వార్ ఆ చీటీని రెండు వేళ్ళతో పైకెత్తాడు. "ఉష్ణోగ్రతకీ, దాని పెరుగుదలకీ తేడా తెలియని మనిషి తీసిన కొలతల్ని నేనెందుకు నమ్మాలి?"

అల్వా మెడ దాకా ఎర్రబడింది. "పొరపాటు నాదేనండి. అది..." అంది. ఆరు చలికాలాల కష్టం నా కళ్ళ ముందే నీళ్ళపాలవుతోంది. చూడ్డానికి వచ్చినవాళ్ళు మాట్లాడాల్సింది చివర్లో. నేను అందాకా ఆగకుండా మధ్యలోనే లేచాను.

"ఆ పిల్ల 1.4 అనే రాసింది. 274 చేసింది నేను. గున్వోర్ సేడెర్‌లుండ్‌ని. చూసుకోకుండా అన్నిటినీ ఒక్క దెబ్బతో మార్చేశాను."

హాల్లో సగంమంది నా చేత తిట్లు తిన్నవాళ్ళే. అందరూ నా వైపు తిరిగారు. హల్వార్ కళ్ళద్దాల మీంచి చూశాడు.

"మీకు అంత కెల్విన్ పిచ్చి ఏంటండీ?"

"కెల్విన్ పిచ్చి కాదు, అందరి తప్పులూ పట్టే పిచ్చి. నాది పట్టేవాళ్ళు లేక ముదిరింది."

ముందు రుట్గర్ నవ్వాడు, తర్వాత హాలంతా. హల్వార్ కూడా నవ్వుతూనే చీటీ పక్కన పెట్టి, మంచు గురించి అడిగాడు. ఇంక అల్వాను ఆపడం ఎవరి తరం? రెండు గంటలు అడిగినవన్నీ చెప్పింది. నెగ్గింది.

సాయంత్రం విందులో నేనెప్పుడూ పలకరించని ఒక విద్యార్థిని పళ్ళెం పట్టుకుని నా పక్కకొచ్చింది. "నిజంగా నువ్వేనా చేసింది?"

"నేనే."

"అబ్బ, ఎంత హాయిగా ఉందో! నా థీసిస్ మూడు నెలలుగా సంచిలోనే ఉంది. నీకివ్వాలంటే భయం."

నాకు నవ్వొచ్చింది. పక్క కుర్చీ లాగి, "ఇలా కూర్చో, కలిసి చూద్దాం" అన్నాను. ముప్పై ఏళ్ళలో ఆ మాట ఎవరితోనూ అనలేదని అప్పుడే తెలిసింది.