మస్తానమ్మ బండి

"బండి చూసేది మగోళ్ళ పని. కడుపుతో ఉండి, ఆ కాలేసుకోని కంభం దాకా నువ్వెందుకు?" అంది అత్త లాల్బీ, కోడలు కాల్చిన రొట్టె చాయ్‌లో ముంచుకుంటూ.

డబ్బు తనదే, నడపబోయేదీ తనే. చూడ్డానికి మాత్రం తను పనికిరాదు. రిహానా బురఖా తొడుక్కుంది. పోలియో కాలితో రోజూ షేర్ ఆటోలో మార్కాపురం పోయి, ఆసుపత్రిలో చీటీలు రాస్తుంది. ఎక్కించడానికి వచ్చే చేతులన్నీ చంకల కిందికే వస్తాయి. "సాయం చేసేటోళ్ళను గూడా అనుమానిస్తావా?" అంటాడు మొగుడు ఇమ్తియాజ్. ఆ చేతులు తగలకుండా పనికి పోవాలనే, తోటి ఉద్యోగి దగ్గర మూడు చక్రాల బండి నేర్చుకుంది.

కంభంలో బండి అమ్మే వీరాంజనేయులు, ఇమ్తియాజ్ వైపే చూస్తూ దాని మీది పట్ట లాగాడు. టైర్ల మీది రబ్బరు వెంట్రుకలు కూడా రాలలేదు.

"మా ఇంటామెకు తీసినా తమ్ముడూ. బిడ్డ పుట్టినాక యాడికి పోతాది? ఊరికే పడుంది."

ఆ ఇంటామె మస్తానమ్మ, వంకరపోయిన కాళ్ళు ఒక పక్కకు ముడుచుకుని గడపలో కూర్చుంది. తాళంచెవి ఆమె కొంగుకే ఉంది. మొగుడు చేయి చాస్తే ముడి విప్పడానికి చాలాసేపు పట్టింది.

రిహానా ఆమె పక్కన చతికిలబడి మెల్లగా అడిగింది. "అమ్మేది నీకు ఇష్టమేనా అక్కా?"

"నన్నడిగింది నువ్వే. పిల్ల నడిచేదాకా కుట్టుషాపు మానుకోమన్నారు. పిల్ల నడిచింది. ఇప్పుడు ఇంకొకదాన్ని కనమంటన్నారు." మస్తానమ్మ నవ్వింది. "ఎడమ బ్రేకు బిగువు. మెల్లగా పట్టు."

ఆమె కాళ్ళను తను కొనుక్కుపోతున్నట్టనిపించింది రిహానాకు. వద్దని లేచిపోతే, రేపు ఇంకెవరో వస్తారు. తను మళ్ళీ ఆటో ఎక్కాలి. తాళంచెవి తీసుకుంది.

తిరుగుదారిలో రిహానా నడుపుతుంటే వెనక కూర్చున్న ఇమ్తియాజ్ హుషారుగా ఉన్నాడు. "అచ్చం కొత్తదే. జాగ్రత్తగా వాడు. నీకు కాన్పైనాక మనం గూడా ఇదే రేటుకు అమ్ముకోవచ్చు."

రిహానా బండిని మెల్లగా రోడ్డు అంచుకు తీసింది. సర్కారు తుమ్మ కంప బండి పక్కలను బర్రున గీరుతూ పోయింది.

"ఏంది, కళ్ళు కనపడవా? గీతలు పడతాండాయి."

గీతలకు ధర తగ్గుతుందే గానీ అమ్మకం ఆగదని ఆమెకు తెలుసు.

"పడనీ," అంది, కంపను వదలకుండా.