ఎర్రగా ఉంది చూడండి, అది నొక్కండి

నేను ఒక బటన్ను. చొక్కాకి కుట్టే గుండీ అనుకునేరు, కాదు. నన్ను చేత్తో పట్టుకోలేరు, జేబులో వేసుకోలేరు. ఫోన్లో మీటింగులు పెట్టుకునే యాప్ ఒకదాని అడుగున వరసగా నాలుగు గుండ్రటి బొమ్మలుంటాయి. వాటిలో ఎడమ చివరి బొమ్మను నేను, మైకు బటన్ను. నన్ను నొక్కితే మీ మాట అవతలివాళ్ళకి వెళుతుంది. మళ్ళీ నొక్కితే ఆగిపోతుంది. మూసి ఉన్నప్పుడు కూడా మీరు మాట్లాడేదంతా నాకు వినిపిస్తూనే ఉంటుంది, బయటికి పంపను, అంతే. మేనేజరు మాట్లాడుతుంటే ఇవతల పళ్ళు నూరుకోవడాలు, "అలాగే సార్" అనేసి నన్ను మూసి తిట్టుకోవడాలు చాలా విన్నాను. వాటిని తలుచుకుంటే ఇప్పటికీ నవ్వొస్తుంది. కానీ మీకు చెప్పాలనుకున్నది నవ్వొచ్చే సంగతి కాదు.

నేను పుట్టింది హైదరాబాదులో, చుట్టూ అద్దాలున్న ఒక ఆఫీసులో. సాకేత్ అనే డిజైనర్ నన్ను గీశాడు. మొదట్లో నాకు పేరుండేది. బొమ్మ కింద చిన్న అక్షరాలతో, మూసి ఉంటే "మైకు ఆఫ్‌లో ఉంది" అని, తెరిచి ఉంటే "మైకు ఆన్‌లో ఉంది" అని రాసుండేది. ఆ అక్షరాలు కళ్ళున్నవాళ్ళకి పెద్దగా పనికిరావు, వాళ్ళు బొమ్మ చూసి నొక్కేస్తారు. కానీ కళ్ళు కనిపించనివాళ్ళ ఫోన్లలో ఒక గొంతు ఉంటుంది. తెర మీద వేలు దేనికి తగిలితే దాని మీద రాసింది చదివి చెబుతుంది. కావలసింది దొరికాక రెండుసార్లు తడితే నొక్కినట్టు లెక్క. ఆ గొంతు నన్ను చదివేది. అదే నాకున్న నోరు.

తరవాత యాప్‌కి కొత్త రూపం ఇవ్వాలన్నారు. ఆ బృందానికి పెద్ద వంశీధర్. చెడ్డవాడేం కాదు, ఊరెళ్ళి వస్తే అందరికీ పూతరేకులు తెచ్చిపెట్టే మనిషి. ఆయన తెర చూసి మొహం చిట్లించాడు.

"ఇన్ని అక్షరాలేంటి సాకేత్, సంతలా ఉంది. నీట్‌గా ఉండాలి. రంగు చూస్తే తెలిసిపోవాలి."

సాకేత్ నా కింది అక్షరాలు తీసేశాడు. మూసి ఉంటే ఎరుపు, తెరిచి ఉంటే ఆకుపచ్చ. మా వరసలో కుడి చివర మీటింగులోంచి బయటికెళ్ళిపోయే బటన్ ఒకటుంది, అది ఎప్పుడూ ఎరుపే. అందరూ చాలా బాగుందన్నారు. నిజం చెప్పొద్దూ, నాకూ బాగానే అనిపించింది, ఒంటి మీద బరువేదో దిగినట్టు.

షాహీన్‌కి మాత్రం బాగనిపించలేదు. ఆమె ఆ ఆఫీసులో యాప్‌ని పరీక్షించే అమ్మాయి. తన ఫోన్లో ఆ గొంతు పెట్టుకుని మా నలుగురి మీదా వేలు జరిపింది. "బటన్. బటన్. బటన్. బటన్." అంతే చదివింది. ఆమె వెళ్ళి వంశీధర్‌కి చెప్పింది.

"సార్, అక్షరాలు తీసేశాం కదా, బొమ్మ వెనకాల పేరు విడిగా రాయాలి. లేకపోతే చూపులేనివాళ్ళకి ఏది ఏమిటో తెలీదు."

"అలాంటివాళ్ళు మన యాప్ ఎవరు వాడుతున్నారమ్మా? ఇంతవరకూ ఒక్క కంప్లైంటైనా వచ్చిందా?"

"కంప్లైంట్ పెట్టాలంటే ముందు యంత్రం కాదు మనిషేనని రుజువుకి బస్సుల బొమ్మలు చూసి నొక్కాలి సార్. వాళ్ళెలా పెడతారు?"

వంశీధర్ నవ్వాడు. "పాయింటే. తర్వాతి వెర్షన్‌లో చూద్దాం."

తర్వాతి వెర్షన్ అంటే ఆ ఆఫీసులో అటక లాంటిది. అప్పటికి అక్కర్లేనివన్నీ దాని మీదికి ఎక్కిస్తారు, మళ్ళీ దించేవాళ్ళుండరు. షాహీన్ ఇంకోసారి అడిగింది, ఆ తరవాత అడగడం మానేసింది. ఆమెకీ పై ఏడాది జీతం పెరగాలి కదా.

ఇక్కడ మీకొక విడ్డూరం చెప్పాలి. నన్ను ఆ కొత్త రూపంతో జనం ఫోన్లలోకి పంపిన రోజునే ఆఫీసులో వికలాంగుల గురించి అవగాహన దినం జరిపారు. క్యాంటీన్లో అందరూ కళ్ళకి చేతిరుమాళ్ళు కట్టుకున్నారు. ఒకళ్ళ భుజం ఒకళ్ళు పట్టుకుని నడిచారు. పళ్ళెంలో ఉన్నది సమోసానో పునుగో తడిమి చెప్పమని పందెం పెట్టారు. సాకేత్ కుర్చీ తన్నుకుని పడబోయాడు, అంతా ఘొల్లుమన్నారు. రుమాలు విప్పాక వంశీధర్ గొంతు నిజంగానే బొంగురుపోయింది. "పాపం, ఎంత కష్టమో ఇవాళ అర్థమైంది" అన్నాడు. ఫోటోలు దిగారు. కళ్ళకి గంతలున్న ఆ కాసేపట్లో ఎవరైనా తమ యాప్ తెరిచి చూసి ఉంటే నా బతుకు ఇంకోలా ఉండేది. ఫోన్లన్నీ ఫోటోలు తీయడంలో ఉన్నాయి.

ఆ సాయంత్రమే నేను అనకాపల్లిలో నూకరత్నం ఫోన్లోకి చేరాను. ఎవరినీ అడక్కుండా, యాప్‌లు వాటంతటవే కొత్తవైపోతాయి చూడండి, అలాగ.

నూకరత్నానికి పుట్టుకతోనే చూపు లేదు. డిగ్రీ చదివింది. అన్నావదినల దగ్గర ఉంటుంది. వదిన అప్పలనరస ఇంటి ముందే టిఫిన్ బండి నడుపుతుంది, అన్న లారీ మీద తిరుగుతాడు. నూకరత్నానికి ఒక కంపెనీలో ఫోన్ ఎత్తి జనం సమస్యలు విని జవాబు చెప్పే ఉద్యోగానికి ఇంటర్వ్యూ వచ్చింది. ఇంట్లోంచే చేసుకోవచ్చు. గొంతు బాగుండాలి, ఓపిక ఉండాలి, అంతకుమించి ఏమీ అక్కర్లేదు. ఆమెకి రెండూ ఉన్నాయి. అంతకు ముందు వెళ్ళిన చోటల్లా మొహం చూడగానే "కబురు చేస్తాం" అని పంపేశారు. ఇక్కడైతే మాట విని తీసుకుంటారని ఆశపడింది.

నా పాత రూపంలో ఆమె నాతో ఎంత సాధన చేసిందో నాకు తెలుసు. ఎవరూ లేని మీటింగొకటి తెరిచి, వేలు జరిపి నన్ను వెతికి, "మైకు ఆన్‌లో ఉంది" అని గొంతు చెప్పగానే గుక్కతిప్పుకోకుండా జవాబులు అప్పజెప్పేది. అప్పలనరస బండి దగ్గర్నించి కేక వేసేది. "ఎవులితోటే రత్నా ఆ మాటలు?"

"గోడతోటి వదినా. గోడ నాకు ఉజ్జోగం ఇచ్చేస్తానంతంది."

నేను కొత్త రూపంతో చేరిన మర్నాడే ఇంటర్వ్యూ. పొద్దున్నే తలంటుకుని, వదిన చేత జడ వేయించుకుని, ఫోన్ని స్టీలు డబ్బాకి ఆనించి కూర్చుంది. అవతల ఒక మేడమ్, ఒక సారు. మీటింగులోకి కొత్తగా వచ్చినవాళ్ళకి నేను మూసి ఉంటాను, అది నాకు పెట్టిన పద్ధతి.

"గుడ్ మార్నింగ్ నూకరత్నం గారూ" అంది మేడమ్.

"గుడ్ మార్నింగ్ మేడమ్. గుడ్ మార్నింగ్ సర్."

ఎంత చక్కగా అందో! విన్నది నేనొక్కణ్ణే.

"మీ మాట వినపడట్లేదండీ. మైకు ఆన్ చేసుకోండి."

నూకరత్నం వేలు కిందికి జారింది. "బటన్" అంది ఫోన్లో గొంతు. ఆమె ఆగింది. పక్కకి జరిపింది. "బటన్." మళ్ళీ జరిపింది. "బటన్." ముందు రోజు దాకా పేర్లతో పలికినవాళ్ళం ఆ వేళ ముక్తసరిగా ఒకే మాట అంటున్నాం. అయినా గుర్తు తెచ్చుకుని, ఎడమ చివరకొచ్చి రెండుసార్లు తట్టింది.

నేను తెరుచుకున్నాను. పచ్చగా వెలిగాను. ఒక్కమాట మాట్లాడితే చాలు, అవతలికి పంపేద్దామని సిద్ధంగా ఉన్నాను. కానీ ఆమె ఊపిరి బిగబట్టుకుని వింటోంది. ఆన్ అయిందో లేదో నేను చెబుతానని ఎదురుచూస్తోంది. నేను వెలగగలను గానీ చెప్పలేను. సరిగ్గా అప్పుడే అవతలివాళ్ళు తమ మైకు ఆపుకుని ఇద్దరూ ఏదో అనుకుంటున్నారు. అటు నుంచీ నిశ్శబ్దమే. అది కాదు కాబోలనుకుని ఆమె నన్ను మళ్ళీ తట్టింది. నేను మూసుకుపోయాను.

"నా మాట వినిపిస్తుందా అండీ?" అని అడిగింది అప్పుడు.

మేడమ్ మైకు తెరిచింది. కదులుతున్న పెదాలే ఆమెకి కనిపించాయి. దయగానే చెప్పింది పాపం.

"కింద ఎర్రగా ఉంది చూడండి, అది నొక్కండి."

"ఏది ఎరుపో నాకు తెలీదండీ" అంది నూకరత్నం. "నాకు చూపు లేదండీ. దరఖాస్తులో రాశానండీ. మొదటిదా అండీ, చివరిదా? అది చెప్పండి చాలు." అన్నీ నాకే చెప్పింది. నేను ఎర్రగా, నీట్‌గా, అందంగా కూర్చుని విన్నాను. లోపల ఏమైపోయానో ఏం చెప్పను! వాకిలికి కాపలాగా పెట్టిన నేనే ఆ మాటలకి గోడనైపోయాను.

"వదినా! వదినా, ఒకపాలి రాయే!"

బండి దగ్గర అట్లు మాడే వేళ అది. అప్పలనరసకి వెంటనే వినపడలేదు. "త్వరగా అండీ, తర్వాతివాళ్ళు వెయిటింగ్" అన్నాడు సారు. మొదటిది కాదని తేలిపోయింది కదా అనుకుని నూకరత్నం కుడి చివరకెళ్ళి రెండుసార్లు తట్టింది. అదీ ఎరుపే. మీటింగు మూసుకుపోయింది.

పిండి చేతులతో అప్పలనరస వచ్చేసరికి ఆమె డబ్బా పట్టుకుని అలాగే కూర్చుని ఉంది.

"ఏటయినాదే?"

"నానే బయటికొచ్చీసినాను వదినా."

తిరిగి లోపలికి వెళ్ళాలంటే అవతలివాళ్ళు రానివ్వాలి. వాళ్ళు అప్పటికే ఇంకొకళ్ళని పిలిచేశారు. మర్నాడు కంపెనీ నుంచి మెసేజ్ వచ్చింది. ఇంటర్వ్యూ మధ్యలో మీరే వెళ్ళిపోయారు కాబట్టి ఉద్యోగం మీద మీకు ఆసక్తి లేదని భావిస్తున్నాం, అని. గొంతు ఆ మెసేజ్ చదువుతుంటే నూకరత్నం మళ్ళీ మళ్ళీ చదివించుకుంది. ఏడవలేదు. ఏడ్చి ఉంటే బాగుండేదనిపించింది నాకు.

ఆ తరవాత వదినా ఆడపడుచూ కలిసి మా వాళ్ళకి కంప్లైంట్ పెట్టారు. మనుషులేనని రుజువుకి బస్సులున్న బొమ్మలన్నీ నొక్కమని యాప్ అడిగింది. "ఇది బస్సో వేనో తెల్డం నేదే" అని అప్పలనరస ఫోన్ని మొహం దగ్గర పెట్టుకుని తంటాలు పడింది. ఎలాగో వెళ్ళింది. "మీ విలువైన అభిప్రాయానికి ధన్యవాదాలు" అని వెంటనే జవాబొచ్చింది, పక్కన నవ్వుతున్న బొమ్మతో సహా.

కానీ ఆ కంప్లైంట్ షాహీన్ కంటబడింది. మీటింగులో అందరి ముందూ చదివి వినిపించింది. "ఏది ఎరుపో నాకు తెలీదండీ" అన్న మాటని రెండోసారి చదివింది. ఇప్పుడే చేసెయ్యమన్నాడు వంశీధర్. షాహీన్ కూర్చుని నా వెనకాల నా పేరు రాసింది. ఎంతసేపనుకున్నారు? టీ చల్లారలేదు. ఇన్నాళ్ళూ అటక మీద పడి ఉన్న పని అది.

ఇప్పుడు ఊళ్ళో అందరి ఫోన్లలోనూ నాకు పేరుంది. వేలు తగిలితే చాలు, పలుకుతాను. ఒక్క ఫోన్లో తప్ప.

"మీ సమస్య పరిష్కరించాం, యాప్ అప్‌డేట్ చేసుకోండి" అని మా వాళ్ళు నూకరత్నానికి రాశారు. ఆమె విని ఫోన్ పక్కన పెట్టేసింది.

"అప్‌డేట్ అవ్వబట్టే కద వదినా అంతా అయినాది. మల్లీ ఏటి మార్సీసినారో ఎవులికి తెలుసు?"

ఇక ఏదీ తనంతట తాను మారకుండా ఫోన్‌కి కట్టడి చేసేసింది. బాగుచేశామని చెప్పేవాళ్ళని ఆమె ఇక నమ్మదు. తప్పు పట్టలేను. అప్పలనరసని అడిగి, తెర మీద నేనెక్కడుంటానో తెలుసుకుని, ఆ చోట అద్దం మీద ఒక బొట్టుబిళ్ళ అంటించింది. మెరూన్ రంగుది, చిన్నది. దాన్ని తడిమి నన్ను పట్టుకుంటుంది. నేను తెరిచి ఉన్నానో మూసి ఉన్నానో మాత్రం ఆ బిళ్ళ చెప్పలేదు.

ఆమె ఫోన్లో ఉన్న ఈ పేరులేని రూపం వచ్చే నెల నుంచి పనిచేయదని తాఖీదు వచ్చింది. నన్ను తుడిచేస్తారు. ఆ చోటికి పలకడం వచ్చినవాడు వస్తాడు, ఆమెకి అదే మేలు. అయినా నాకు దిగులుగానే ఉంది. ఆ వేలు నాకు అలవాటైపోయింది.

మధ్యాహ్నం బండి కట్టేశాక, ఇల్లు సద్దుమణిగాక, నూకరత్నం అప్పుడప్పుడూ ఎవరూ లేని మీటింగొకటి తెరుస్తుంది. ఉద్యోగాలకి దరఖాస్తులు పెట్టడం మానేసింది. ఇది ఎందుకో మానలేదు. బొట్టుబిళ్ళ తడిమి రెండుసార్లు తడుతుంది. జుట్టు సవరించుకుంటుంది.

"నమస్కారం మేడమ్. నా పేరు నూకరత్నం. నా మాట వినిపిస్తుందా అండీ?"

అని ఆగుతుంది. నేను పచ్చగా వెలుగుతూనే ఉంటాను. ఆమె చెవి ఇటే పెట్టి ఉంటుంది. వినిపిస్తోందమ్మా, అంతా వినిపిస్తోంది, చెప్పు అని అనడానికి నాకు నోరు లేదు. కాసేపు చూసి, మూసి ఉన్నాననుకుని, ఆమె నన్ను మళ్ళీ తడుతుంది.